తెప్ప మీద రెండో మనిషి

నండూరి రామ్మోహనరావుగారి అనువాదంలో హకల్‌బెరి ఫిన్‌ను చిన్నప్పుడు చదివినవాళ్లకి ఆ తెప్ప గుర్తుండే ఉంటుంది. చీకటి, మిసిసిపి నది, తెప్ప మీద ఇద్దరు. ఒకడు తాగుబోతు తండ్రి చేతిలోంచి తప్పించుకున్న తెల్లపిల్లవాడు, హక్. రెండోవాడు తనను అమ్మేయబోతున్నారని తెలిసి పారిపోయిన బానిస, జిమ్. కథ మొత్తం పిల్లవాడే చెబుతాడు. జిమ్ గురించి మనకు తెలిసిందంతా ఆ పద్నాలుగేళ్ల కుర్రాడికి తెలిసినంత మేరకే. అదే కథ రెండో మనిషి చెబితే? అమెరికా దక్షిణాది నవలల్ని ఈ ప్రశ్నతో మళ్లీ తెరిచినవాళ్లు కొందరున్నారు. వాళ్ల పుస్తకాల చుట్టూ, వాటికి మూలమైన పాత పుస్తకాల చుట్టూ నేను కొన్నేళ్లుగా పోగుచేసుకున్న విశేషాలివి.

జిమ్ ఖరీదు

మార్క్ ట్వైన్ నవలలో జిమ్‌కు ఒక ధర కాదు, చాలా ధరలున్నాయి. న్యూ ఆర్లీన్స్‌కు అమ్మితే యజమానురాలు మిస్ వాట్సన్‌కు 800 డాలర్లు వస్తాయి. ఆ మాట రాత్రిపూట తలుపు దగ్గర నిలబడి విన్నాకే జిమ్ పారిపోతాడు. పట్టిచ్చినవాళ్లకు 300 డాలర్ల బహుమానమని చాటింపు. తెప్పెక్కిన మోసగాళ్లు అతణ్ని ఒక రైతుకు అమ్ముకున్నది 40 డాలర్లకు. ఆఖరున హక్ స్నేహితుడు టామ్ సాయర్ అతని చేతిలో పెట్టింది కూడా 40 డాలర్లే. ఆ రైతు కొట్లో బందీగా పడి ఉండి, తప్పించే పేరుతో తను ఆడిన ఆటకు ఓపిగ్గా సహకరించినందుకు!

అప్పటికి రెండు నెలల ముందే మిస్ వాట్సన్ చనిపోతూ విల్లులో జిమ్‌కు స్వేచ్ఛ ఇచ్చేసింది. ఆ సంగతి టామ్‌కు తెలుసు. తెలిసీ చెప్పలేదు. చెబితే ఆట ఆగిపోతుంది కదా. పదేళ్ల వయసులో నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్విన అధ్యాయాలవి. ఇప్పుడు చదివితే, సంకెళ్లతో ఆ కొట్లో కూర్చున్న మనిషే కనిపిస్తాడు.

ఎదురుగానే స్వేచ్ఛ, ప్రయాణం మాత్రం దక్షిణానికి

జిమ్ పారిపోయిన ఊరికి అసలు రూపం ట్వైన్ పెరిగిన హానిబల్, మిస్సోరీ రాష్ట్రం. ఆ ఊరి ఒడ్డున నిలబడితే నదికి అవతల కనిపించేది ఇలినాయి. అక్కడ బానిసత్వం లేదు. మరి ఈదుకుంటూ అటు పోక, బానిసత్వం ఇంకా కరుడుగట్టిన దక్షిణానికి తెప్ప మీద ఎందుకు బయల్దేరినట్టు?

అవతలి ఒడ్డున స్వేచ్ఛ ఉన్నది కాగితం మీదే. పారిపోయి వచ్చినవాళ్లను పట్టి వెనక్కి పంపి సొమ్ము చేసుకునేవాళ్లు అక్కడ కాపు కాసేవారు. చేతిలో స్వేచ్ఛా పత్రం లేని నల్లవాణ్ని ఇలినాయి చట్టమూ నిలువనిచ్చేది కాదు. అందుకని మిసిసిపిలో ఒహాయో నది కలిసే కేరో పట్నం దాకా దిగి, అక్కడ స్టీమరెక్కి ఒహాయో మీదుగా ఉత్తరానికి పోవాలని వాళ్ల ఆలోచన. పొగమంచులో కేరో ఎప్పుడు దాటిపోయిందో తెలియలేదు. ఆ తర్వాత తెప్ప కదిలిన ప్రతి మైలూ హక్‌కు సాహసం, జిమ్‌కు గండం.

బొమ్మలో ఉన్నది ఎవరు?

ఈ నవల 1884 డిసెంబరులో ఇంగ్లండులో, 1885 ఫిబ్రవరిలో అమెరికాలో వచ్చింది. బొమ్మలు వేసింది ఇ.డబ్ల్యూ. కెంబుల్ అనే యువకుడు. అన్ని పాత్రలకూ అతను మోడల్‌గా పెట్టుకున్నది ఒకే ఒక్క పిల్లవాణ్ని, కోర్ట్ మోరిస్‌ని. తెల్లపిల్లవాడు. హక్ వాడే, జిమ్ కూడా వాడే. జిమ్ కావాల్సినప్పుడు ఆ పిల్లవాడు నల్ల ఉన్ని టోపీ ఒకటి నెత్తిన పెట్టుకుని నిలబడేవాడని కెంబుల్ తర్వాత రోజుల్లో తనే రాశాడు. ఒక తరం అమెరికా పాఠకులు జిమ్ అనుకుని చూసిన బొమ్మల వెనక నల్లవాడెవరూ లేడు.

పేరు లేని భార్య

జిమ్‌కు పెళ్లాం, ఇద్దరు పిల్లలున్నారు. పిల్లల పేర్లు ట్వైన్ చెప్పాడు, ఎలిజబెత్, జానీ. భార్య పేరు మాత్రం పుస్తకం ఈ చివర నుంచి ఆ చివర దాకా వెదికినా కనిపించదు.

కూతురి గురించి జిమ్ చెప్పుకునే ఒక చిన్న ఘట్టం ఉంది. నాలుగేళ్ల పాప, విషజ్వరం వచ్చి తగ్గింది. తలుపు వెయ్యమ్మా అన్నాడు. పాప నవ్వుతూ నిలబడింది. మళ్లీ అన్నాడు, గట్టిగా అన్నాడు. కదల్లేదు. చెంప మీద ఒక్కటిచ్చి లోపలికి పోయాడు. కాసేపటికి వచ్చి చూస్తే తలుపు తెరిచే ఉంది, పాప తల దించుకుని ఏడుస్తోంది. అంతలో గాలికి తలుపు పాప వెనకే దభాలున పడింది. పాప ఉలిక్కిపడలేదు. జ్వరం చెవులు తీసుకుపోయిందని అప్పుడు తెలిసింది ఆ తండ్రికి. నవల మొత్తంలో జిమ్ మనసులోకి మనం తొంగిచూసేది ఇలాంటి ఒకటి రెండు చోట్లే. కొత్త రచయితలందరూ మొదట తట్టింది ఈ తలుపునే అనిపిస్తుంది నాకు.

2005లో నాన్సీ రాల్స్ అనే రచయిత్రి 'మై జిమ్' నవలలో ఆ భార్యకు సేడీ అని పేరు పెట్టి, కథ మొత్తం ఆమె చేతే చెప్పించింది. ముసలిదైన సేడీ మనవరాలితో కలిసి బొంత కుడుతూ చెబుతుంది. హక్, టామ్ అందులో ఎక్కడో దూరంగా వినిపించే పేర్లు. రెండేళ్ల తర్వాత జాన్ క్లించ్ రాసిన 'ఫిన్' హక్ తాగుబోతు తండ్రి కథ. అందులో హక్ తల్లి నల్లజాతి స్త్రీ.

జిమ్ కాదు, జేమ్స్

ఈ వరుసలో అందరికన్నా దూరం వెళ్లింది పెర్సివల్ ఎవరెట్. 2024 మార్చిలో వచ్చిన 'జేమ్స్' నవల అదే తెప్ప, అదే నది, అదే మోసగాళ్లతో మొదలవుతుంది. చెప్పేది జిమ్. రాయడానికి ముందు ఎవరెట్ ట్వైన్ నవలను పదిహేనుసార్లు వరసపెట్టి చదివాడట. చదివి చదివి ముఖం మొత్తాలని, వాక్యాలు మసకబారి ఆ లోకం మాత్రమే తలలో మిగలాలని. ఆ తర్వాత రాస్తున్నంతసేపూ దాన్ని ముట్టుకోలేదు.

ఇందులో జిమ్ చదువుకున్నవాడు. జడ్జి థాచర్ ఇంటి గ్రంథాలయంలో దొంగచాటుగా కూర్చుని చదివాడు. కలలో వోల్టేర్‌తో, జాన్ లాక్‌తో బానిసత్వం గురించి వాదిస్తాడు. ట్వైన్ అతని నోట పెట్టిన ఆ వచ్చీరాని యాస, ఎవరెట్ నవలలో ఒక వేషం. తెల్లవాళ్లు వినేంత దూరంలో ఉన్నప్పుడు వేసుకుని, పోగానే తీసేసే వేషం.

ఆ వేషం నేర్పే బడి ఒకటుంది పుస్తకం మొదట్లోనే. రాత్రి తన గుడిసెలో జిమ్ పిల్లల్ని కూర్చోబెట్టుకుంటాడు. కూతురు కూడా ఉంటుంది. లెక్క ఒకటి ఇస్తాడు. దొరసాని ఇంటి వంటగది అంటుకుంది, ఆమె వీపు అటు తిప్పి పెరట్లో నిలబడి ఉంది, చూళ్లేదు. మీరేం చేస్తారు? ఒక పిల్లవాడు నిప్పు నిప్పు అని అరుస్తానంటాడు. కాదు. అటు చూడండమ్మా అని తడబడుతూ అనాలి. చూసేది ఆమె కావాలి, నిప్పు అన్న మాట ముందుగా ఆమె నోటనే రావాలి. ఆపద ఏమిటో చెప్పే హక్కు కూడా తెల్లవాళ్లదే. పిల్లలు వల్లె వేస్తారు. వ్యాకరణం తప్పడంలో కూడా తప్పు చేయకూడదు మరి.

ఈ అధ్యాయం చదువుతున్నప్పుడు నాకు గుర్తొచ్చింది మన తెలంగాణ పల్లెల్లోని గడి గుమ్మం. నీ బాంచన్, కాల్మొక్త అనకుండా దొర ముందు నోరు తెరవలేని రోజులు. బాంచన్ అంటేనే బానిస. ఆ మాట అన్న మనిషే ఇంటికి పోయి పెళ్లాం పిల్లలతో, వాడకట్టులో తోటివాళ్లతో మాట్లాడే మాట వేరు, ఆ మాటలో ఉండే పదును వేరు. దొర చెవిన పడిందే ఆ మనిషి భాష అనుకుని ఎవరైనా నవల రాస్తే ఏం మిగులుతుంది? ఎవరెట్ చూపించింది ఇదే. అందుకే ఈ పుస్తకం తెలుగువాడికి పరాయిగా అనిపించదు.

పెన్సిలు ముక్క

'జేమ్స్'లో అన్నింటికన్నా విలువైన వస్తువు ఒక పెన్సిలు ముక్క. జార్జ్ అనే యువ బానిస తన యజమాని దగ్గర అది దొంగిలించి జిమ్‌కు తెచ్చిస్తాడు. దానికి ప్రాణమే మూల్యంగా చెల్లిస్తాడు. ఆ తర్వాత నవల పొడుగునా జిమ్ జేబులో పెన్సిలు ఉన్నదో లేదో అని మనమే తడుముకుంటూ ఉంటాం.

ఇందులో అతిశయోక్తి లేదు. మిస్సోరీ శాసనసభ 1847లో ఒక చట్టం చేసింది. నల్లవాళ్లు బానిసలు కానీ స్వేచ్ఛాజీవులు కానీ, వాళ్లకు చదవడం రాయడం నేర్పే బడి నడపడం నేరం. అప్పటికి ట్వైన్‌కు పదకొండేళ్లు.

జిమ్ తన కథ రాసుకున్న నోటుబుక్కు కూడా ఊరకే దొరికింది కాదు. అది డేనియల్ డెకటర్ ఎమ్మెట్‌ది. ఇతను కల్పిత పాత్ర కాదు. ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరిస్తూ పాడే తెల్లవాళ్ల మిన్‌స్ట్రెల్ బృందాల్లో మొదటివాటిలో ఒకటైన 'వర్జీనియా మిన్‌స్ట్రెల్స్' 1843లో పెట్టినవాడు. దక్షిణాది సైన్యం తన గీతంగా చేసుకున్న 'డిక్సీ' పాట ఇతని పేరు మీదే ఉంది. నవలలో ఎమ్మెట్ జిమ్‌ను బృందంలోకి కొంటాడు. నల్లవాడు స్టేజి మీద ఉండకూడదు కాబట్టి, నల్లవాడి ముఖం మీదే మసి పూసి, నల్లవేషం వేసిన తెల్లవాడిలా నిలబెడతాడు. జిమ్ పారిపోతూ ఆ పాటల నోటుబుక్కు పట్టుకుపోతాడు. నవల తెరవగానే మనకు ఎదురయ్యేది ఎమ్మెట్ పాటలే, ఆ నోటుబుక్కులో ముందు పేజీలన్నట్టు. మిగతా ఖాళీ పేజీల్లో జిమ్ తన బతుకు రాసుకున్నాడు.

ఎమ్మెట్ సొంతూరు ఉన్న ఒహాయోలోని నాక్స్ కౌంటీలో స్నోడెన్ అనే నల్లజాతి సంగీత కుటుంబం ఉండేది. బెన్, లూ అనే అన్నదమ్ముల సమాధి రాయి మీద, ఎమ్మెట్‌కు 'డిక్సీ' నేర్పింది వీళ్లే అని చెక్కి ఉంది. పాట ఎవరిదన్న వాదం ఇంకా తెగలేదు. రాయి మాత్రం అక్కడే ఉంది.

ఇక బిరుదుల సంగతి త్వరగా చెప్పేస్తాను. 'జేమ్స్'కు 2024లో నేషనల్ బుక్ అవార్డు, కర్కస్ ప్రైజ్ వచ్చాయి, బుకర్ తుది జాబితాకూ ఎక్కింది. 2025 పులిట్జర్‌కు జ్యూరీ పంపిన మూడు పుస్తకాల్లో 'జేమ్స్' లేదు. ఆ మూడింటిలో దేనికీ బోర్డులో మెజారిటీ రాకపోవడంతో నాలుగోదిగా దీన్ని ఎత్తుకుని బహుమతి ఇచ్చారు.

పేరు తిరిగి తీసుకున్న మనిషి

నవలల కంటే ముందే, మిసిసిపి మీద బానిసగా బతికిన మనిషే తన కథ తాను రాసుకున్నాడు. విలియం వెల్స్ బ్రౌన్. సెయింట్ లూయిస్‌లో స్టీమర్ల మీద పనిచేశాడు. ఒక బానిసల వ్యాపారికి అతణ్ని అద్దెకిచ్చారు. న్యూ ఆర్లీన్స్ సంతకు పోయే పడవలో అతని పని ఏమిటంటే, ముసలివాళ్ల గడ్డాలు గీసి, తెల్లవెంట్రుకలు పీకి, పీకలేనన్ని ఉంటే జుట్టుకు నల్లరంగు పూయడం. వయసు పదేళ్లు తగ్గితే ధర పెరుగుతుంది. కొనేవాడు అడిగితే ఎంత వయసు చెప్పాలో కూడా వాళ్లకు ముందే నేర్పి ఉంచేవారు.

చిన్నప్పుడు అతని పేరు విలియం. యజమాని ఇంటికి అదే పేరున్న మేనల్లుడు వచ్చి ఉండటంతో, ఒక ఇంట్లో ఇద్దరు విలియంలు ఎందుకని ఇతని పేరు శాండ్‌ఫర్డ్ అని మార్చేశారు. 1834 జనవరిలో ఒహాయో ఒడ్డున స్టీమరు దిగి పారిపోయాక, అన్నింటికంటే ముందు తన పాత పేరు తాను తిరిగి తీసుకున్నాడు. చలిలో ఆదుకుని అన్నం పెట్టిన క్వేకర్ పెద్దమనిషి పేరు వెల్స్ బ్రౌన్. దాన్ని తన పేరు పక్కన చేర్చుకున్నాడు. అతని స్వీయకథ 1847లో వచ్చింది. మిస్సోరీ చదువును నేరం చేసింది ఆ ఏడాదే! 'క్లోటెల్' అనే అతని నవల 1853లో లండన్‌లో అచ్చయింది. నల్లజాతి అమెరికన్ రాసిన మొదటి నవలగా దాన్ని లెక్కిస్తారు.

ట్వైన్ ఇంట్లో

ట్వైన్ తండ్రి జాన్ మార్షల్ క్లెమెన్స్ 1841లో ఒక జ్యూరీలో కూర్చున్నాడు. బానిసలు పారిపోవడానికి సాయం చేయబోయిన ముగ్గురు తెల్లవాళ్లకు ఆ జ్యూరీ పన్నెండేళ్ల జైలు వేసింది. అదే కుటుంబంలోంచి హక్ పుట్టుకొచ్చాడు.

జిమ్‌కు మూలమని ట్వైన్ చెప్పిన మనిషి డేనియల్. మిస్సోరీలోనే ఫ్లోరిడా అనే పల్లెలో ట్వైన్ పినతండ్రి జాన్ క్వార్ల్స్ పొలంలో బానిస. వేసవి సెలవుల్లో పిల్లలంతా రాత్రిళ్లు అతని వంటింటి పొయ్యి ముందు చేరి దయ్యాల కథలు వినేవారు. క్వార్ల్స్ 1855లో అతనికి విముక్తి పత్రం రాసిచ్చాడు.

హక్‌కు మూలం హానిబల్‌లోని టామ్ బ్లాంకెన్‌షిప్ అనే బీదపిల్లవాడు. వాడి అన్న బెన్స్ 1847లో, నది అవతల దీవిలో దాక్కున్న ఒక నల్లమనిషికి కొన్ని వారాలపాటు దొంగచాటుగా తిండి మోశాడు. పట్టిస్తే 50 డాలర్లు వచ్చేవి, ఆ ఇంట్లో పూట గడవడమే కష్టం. అయినా నోరు విప్పలేదు. చివరికి కట్టెలు కొట్టేవాళ్ల కంటబడి, వాళ్లు తరిమితే ఆ మనిషి నీళ్లలో మునిగి చనిపోయాడు. ట్వైన్ నవలలో జిమ్ బతికాడు. ఊళ్లో జరిగింది వేరు.

గాలికి పోనివి

దక్షిణాది నవల అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది 1936 జూన్ 30న వచ్చిన మార్గరెట్ మిచెల్ 'గాన్ విత్ ది విండ్'. ఆరు నెలల్లో పది లక్షల ప్రతులు. వెయ్యి పేజీలు దాటిన ఆ పుస్తకంలో కథానాయిక స్కార్లెట్‌ను పెంచి, పురుళ్లు పోసి, ఇల్లు నిలబెట్టిన నల్లజాతి దాదికి పేరే లేదు. అందరికీ మామీ, అంతే.

2001లో ఆలిస్ రాండల్ 'ది విండ్ డన్ గాన్' రాసింది. డిట్రాయిట్‌లో పుట్టి, హార్వర్డ్‌లో చదివి, నాష్‌విల్‌లో పాటలు కట్టిన మనిషి. 1994లో ట్రిషా ఇయర్‌వుడ్ పాడి కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి ఎక్కిన పాట రాసినవాళ్లలో ఆమె ఒకరు. ఆమె నవలలో కథ చెప్పేది సినారా. మామీకి తెల్లయజమాని వల్ల పుట్టిన కూతురు, స్కార్లెట్‌కు సవతి చెల్లెలు. డైరీ రూపంలో రాసుకుంటుంది. ఇక్కడ పేర్లు పోయింది తెల్లవాళ్లకి. స్కార్లెట్ పేరు అసలు రాదు, 'అదర్' అనే ఉంటుంది, అంటే ఇంకొకామె. ఆమె భర్త రెట్ బట్లర్ ఒట్టి 'ఆర్'.

సినారా పేరు ఎక్కడిది? మిచెల్ తన నవలకు పేరు తీసుకున్నది ఎర్నెస్ట్ డౌసన్ అనే ఆంగ్లకవి కవితలోంచి. ఆ కవితలో అతను తలచుకుంటున్న స్త్రీ పేరు సినారా. పాత నవల శీర్షికలోనే దాగి ఉన్న ఆడమనిషిని బయటికి పిలిచి, ఆమె చేతికి కలం ఇచ్చింది రాండల్. నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా నచ్చినది ఇదే.

పుస్తకం బయటికి రాకముందే మిచెల్ వారసుల ట్రస్టు తరఫున కోర్టులో దావా పడింది. ఏప్రిల్ 20న అట్లాంటాలోని జిల్లా కోర్టు ప్రచురణ ఆపేసింది. టోనీ మోరిసన్ రచయిత్రి పక్షాన కోర్టుకు వాంగ్మూలం ఇచ్చింది, 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' రాసిన హార్పర్ లీ మద్దతు లేఖ మీద సంతకం చేసింది. మోరిసన్ ప్రశ్న సూటిగా ఉంది: చరిత్ర ఎలా ఉండేదో ఊహించే హక్కు ఎవరి అదుపులో ఉండాలి? మే 25న అప్పీలు కోర్టు ఆ నిషేధం ఎత్తేసింది. పాత నవలను విమర్శించడానికే దాని పాత్రల్ని వాడుకున్నారు కాబట్టి ఇది న్యాయమైన వాడకమేనని అక్టోబరులో వివరంగా తీర్పు రాసింది. కాపీరైటు చదివే లా విద్యార్థులు ఇప్పటికీ ఈ కేసు చదువుతారు.

మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ప్రచురణకర్త అట్లాంటాలోని మోర్‌హౌస్ కళాశాలకు విరాళం ఇవ్వాలి. మోర్‌హౌస్ నల్లజాతి విద్యార్థుల కళాశాల. దీని వెనక ఇంకో కథ ఉంది. 1940లలో మార్గరెట్ మిచెల్ ఆ కళాశాల అధ్యక్షుడు బెంజమిన్ మేస్ ద్వారా, ఎవరికీ తెలియకుండా, వైద్యం చదివే నల్లజాతి విద్యార్థుల ఫీజులు కట్టేది. మామీకి పేరు పెట్టాలని తోచని రచయిత్రీ, ఈమే ఒకరే. రెండూ నిజమే. మనుషులు అలాగే ఉంటారు, ఒకదాన్ని చూపి రెండోదాన్ని చెరపకూడదు.

మామీకి ఆఖరికి పేరు వచ్చింది 2014లో. మిచెల్ వారసుల అనుమతితో డొనాల్డ్ మెక్‌కేగ్ రాసిన 'రూత్స్ జర్నీ'లో ఆమె పేరు రూత్, పుట్టింది నేటి హైతీ అయిన సాన్ డొమింగ్‌లో.

తెర మీద మామీ

'గాన్ విత్ ది విండ్' సినిమా 1939 డిసెంబరు 15న అట్లాంటాలో విడుదలైంది. మామీ వేషం వేసిన హ్యాటీ మెక్‌డానియల్ ఆ ఉత్సవానికి రాలేదు. జార్జియాలో నల్లవాళ్లకు వేరే వరస కాబట్టి. ముందు రాత్రి తెల్లవాళ్ల విందులో ఎబెనీజర్ చర్చి బృందం బానిసల దుస్తులు వేసుకుని పాడింది. అందులో పదేళ్ల పిల్లవాడొకడు ఉన్నాడు, మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్.

రెండు నెలల తర్వాత మెక్‌డానియల్‌కు ఆస్కార్ వచ్చింది. నల్లజాతివాళ్లలో మొదటి ఆస్కార్. ఆ రాత్రి హోటల్లో ఆమెను మిగతా నటులతో కాకుండా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆమె తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకప్పుడు బానిసలు. తండ్రి హెన్రీ అంతర్యుద్ధంలో ఉత్తరాది తరఫున పోరాడాడు. బానిసల కూతురు తెర మీద బానిస వేషం వేసి గెలిచిన ఆ ఫలకం హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఉండేది, తర్వాత కనబడకుండా పోయింది. 2023లో అకాడమీ కొత్తది చేసి ఇచ్చింది.

మిచెల్ నవల పది లక్షలు అమ్ముడవుతున్న ఆ 1936లోనే ఇంకో పని మొదలైంది. నిరుద్యోగ రచయితలకు ప్రభుత్వం పని కల్పించిన పథకం కింద, 1938 దాకా ఊరూరా తిరిగి, ఒకప్పుడు బానిసలుగా బతికి ఇంకా ప్రాణాలతో ఉన్న ముసలివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించారు. 2,300కు పైగా వాంగ్మూలాలు, 500 ఫొటోలు. ఎక్కువచోట్ల అడిగింది తెల్లవాళ్లు, చెప్పింది నల్లవాళ్లు. దొర బిడ్డ ఎదుట కూర్చుని ఆ ముసలివాళ్లు ఎంత చెప్పి ఉంటారు, ఏ భాష వేసుకుని చెప్పి ఉంటారు? ఎవరెట్ నవల చదివాక ఆ కాగితాలు మళ్లీ చదవాలనిపించింది నాకు. రాసినవాళ్లు ఆ మాటల్ని వచ్చీరాని యాసలోకి దించారు కూడా.

మన వైపు

బానిసల వారసుడు తన వంశకథ తాను చెప్పుకోవడం ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు 'ఏడు తరాలు' ఎప్పుడో చూపించింది. అలెక్స్ హేలీ 'రూట్స్'కు సహవాసిగారి తెలుగు. కుంటా కింటే పేరు తీసేసి, టోబీ అని పెట్టిన ఘట్టం చదివి రాత్రి నిద్రపట్టనివాళ్లు మన ఊళ్లలో ఎంతమందో.

పెద్దకథను పక్కకు నెట్టేసినవాడి వైపు నుంచి చెప్పడం కూడా మనకు కొత్త కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లోనే 'శంబుక వధ' రాశారు. ఓల్గా 'విముక్త'లో శూర్పణఖ సీతతో కూర్చుని మాట్లాడుతుంది.

మెట్టు మీద కూర్చున్న వంటమనిషి

ట్వైన్ హకల్‌బెరి ఫిన్‌లో చాలాభాగం రాసింది న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరా దగ్గర, భార్య అక్కగారి ఇల్లు క్వారీ ఫార్మ్‌లో. ఆ ఇంటి వంటమనిషి మేరీ ఆన్ కార్డ్. అరవై దాటిన దృఢమైన మనిషి, ఎప్పుడూ నవ్వుతూ ఉండేది. 1874 వేసవిలో ఒక సాయంత్రం అందరూ వరండాలో కూర్చున్నారు, ఆమె వాళ్లకు కింద మెట్టు మీద కూర్చుంది. నీ బతుకులో కష్టమన్నదే చూడనట్టున్నావే అన్నాడు ట్వైన్.

ఆమె నవ్వు ఆగింది. చెప్పడం మొదలుపెట్టింది. భర్త, ఏడుగురు పిల్లలు. 1852లో రిచ్‌మండ్‌లో వేలంపాట. అరుగు మీద సంకెళ్లతో నిలబెట్టి ఒక్కొక్కరినీ అమ్మేశారు. ఆఖరివాడు చిన్న హెన్రీని గుండెకు హత్తుకుంటే, వాణ్ని కూడా లాక్కున్నారు. పారిపోయి వచ్చి నిన్ను కొని విడిపిస్తానని వాడు చెవిలో చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆమె లేచి నిలబడింది. ఇప్పుడు వరండాలో కూర్చున్నవాళ్లే ఆమె కంటే కిందున్నారు.

పదమూడేళ్లు గడిచాయి. యుద్ధం. నార్త్ కరొలైనాలోని న్యూ బర్న్‌లో ఆమె ఉత్తరాది సైన్యాధికారులకు వంట చేస్తోంది. ఒకనాటి రాత్రి నల్లసైనికులు వంటింట్లో నాట్యం చేసి పోయారు. మర్నాడు పొద్దున్నే పొయ్యి ముందు వంగి రొట్టెల పళ్లెం తీస్తుంటే ఒక సైనికుడు వచ్చి, వంగి, ఆమె ముఖంలోకి చూశాడు. చేతిలో పళ్లెం జారిపోయింది. వాడి చెయ్యి పట్టుకుని చొక్కా చేతిని పైకి తోసింది. మణికట్టు మీద మచ్చ. నుదుటి మీద జుట్టు వెనక్కి తీసింది. అక్కడా మచ్చ. చిన్నప్పుడు పడి దెబ్బ తగిలించుకున్నప్పటివి రెండూ. హెన్రీ.

ట్వైన్ ఆ కథను ఆమె మాటల్లోనే రాసి, 1874 నవంబరు 'అట్లాంటిక్ మంత్లీ'లో అచ్చువేయించాడు. హక్ రాయడం మొదలెట్టడానికి ఇంకా రెండేళ్లుంది. అచ్చులో ఆమె పేరు రేచల్ అని మార్చాడు. హెన్రీ తర్వాత ఎల్మైరాలో మంగలి షాపు పెట్టుకున్నాడు. తల్లి అదే ఊళ్లో 1888లో చనిపోయింది. పేరు మేరీ ఆన్ కార్డ్.